మౌనపక్షంలో ముగిసే గడువు

మార్గశిర శుద్ధ అష్టమి

సాయంత్రం ఆరింటికి మీట దించాను. ఆవలివాడలో రేడియో ఆగిపోయింది. మళ్లీ బహుళ అష్టమి దాటేదాకా ఇక్కడి నుంచి కబురు పోదు, ఇక్కడికి కబురు రాదు. తాళంచెవి మెడలో వేసుకున్నాను.

తర్వాత ఇంటింటికీ తిరిగాను. పన్నెండో ఇంట్లో గిర్రున తిరిగే బొమ్మ దొరికింది. దాన్ని సంచిలో వేసుకుంటే పిల్ల ఏడ్చింది. తల్లి నా వైపు చూసిన చూపు నాకు సరిగా కనపడలేదు గాని, ఎలా చూసి ఉంటుందో తెలుసు. బొమ్మలోని మోటారు చప్పుడు మనకు పెద్దది కాదు. బయట చంద్రుడి మట్టిలో మైళ్ల కొద్దీ పరిచిన తీగలు ఉన్నాయి, వాటిని మేము చెవులంటాం. నక్షత్రాలు పుట్టకముందటి సద్దును అవి వింటాయి. వాటికి ఆ బొమ్మ ఉరుములాంటిది. భూమి కనపడని, భూమి చప్పుళ్లు వినపడని వైపు చంద్రుడికి ఇదొక్కటే. ఇక్కడ ఊరు కట్టింది అందుకే.

భూమి మీద వెన్నెల పెరిగేకొద్దీ మాకు చీకటి చిక్కబడుతుంది. వాళ్ల పౌర్ణమి మాకు నడిరాత్రి. ఇక్కడ తిథులతో లెక్క రాసేది నేనొక్కదాన్నే అనుకుంటాను. ఇంతకంటే సరిపోయే లెక్క మరొకటి లేదు.

మధ్యాహ్నం ఫర్హానా డాక్టరమ్మ నా కళ్ల నివేదిక ఇచ్చింది. "సుబేదారమ్మా, కంటి కటకం ఏటేటా ఒక పొర కట్టుకుంటుంది. మీకు పాడైన పొర నలభై ఒకటో ఏటిది. ఇక్కడికి వచ్చాక పాడైంది కాదు," అంది.

నలభై ఒకటో ఏట నేను అంతరిక్ష దళం గస్తీ నావలో ఉన్నాను, సంకేతాల గదిలో. సూర్యుడి తుఫాను వచ్చినప్పుడు మిగతావాళ్లు కవచపు గదిలోకి వెళ్లారు. సంకేతాల మీద ఒకరు ఉండాలి కనక నేను ఉన్నాను. సైనిక సంక్షేమ కార్యాలయం మాత్రం, రిటైరయ్యాక చంద్రుడి మీద కాపురం ఉండటం వల్లే కళ్లు పోయాయని నిర్ణయించింది. దళంలో తగిలిన దెబ్బ కాదు కనక తోడు మంజూరు చేయలేమని రాసింది.

ఆ తోడు నా మనవరాలు మేదిని. ఇక్కడి గాలి మనిషికింతని పంచి ఉంటుంది. కొత్తవాళ్లకు చోటు లేదు, మాజీ సైనికులకు మంజూరైన తోడుకు తప్ప.

నివేదిక అందే వేళకు మీట దించాల్సిన సమయం దగ్గరపడింది. తొందరపడలేదు. తిరిగి విచారించమని అడగటానికి ఏడాది గడువుంది. మా లెక్కన అందులో సగం కూడా అవలేదు. పక్షం పోయాక శుభ్రంగా రాసి పంపుతాను.

శుద్ధ నవమి

పొద్దున, ఇంట్లో గాలి ఎంతుందో చూపే గాలిముల్లు చూశాను. చూశాను అని అలవాటుగా రాశాను. నాలుగు నెలల కిందట దాని మీది అద్దం ఊడదీశాను. ముల్లు ఎక్కడుందో వేలితో తడిమి తెలుసుకుంటాను. గాలిముల్లు చదవలేని మనిషి ఇంట్లో ఒంటరిగా ఉండకూడదని ఆవలివాడ నియమం. ఆ నియమం రాసినప్పుడు ఊరి సంఘంలో నేనూ ఉన్నాను. చదవటమంటే కళ్లతోనే చదవాలని అందులో రాయలేదు. ఇది బలహీనమైన వాదన. మరొకరు నాతో ఇలా వాదిస్తే ఒప్పుకునేదాన్ని కాదు.

మీట దించకముందు మేదిని పంపిన మాటలు మళ్లీ విన్నాను. "అమ్మమ్మా, పెట్టె సర్దేసుకున్నా. నువ్వు కాగితం పంపడమే ఆలస్యం. సర్కారుతో దెబ్బలాడ్డం చేతకాదని మాత్రం అనకు. అమ్మని ఒక్క మార్కు తగ్గిందని గేటు బయట నించోబెట్టినదానివి, నేను నమ్మను."

ఒక మార్కు కాదు, మూడు.

మా ఆయన ఉన్న రోజుల్లో మౌనపక్షం అంటే ఇష్టంగా ఉండేది. తీగల మరమ్మతు చేసి వచ్చి, ఇవాళ ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పటానికి అంతసేపు మాట్లాడేవాడు. ఆయన పోయి ఆరేళ్లు. ఇప్పుడు నిశ్శబ్దం గురించి చెప్పేవాళ్లు లేరు. అదొక్కటే ఉంది.

శుద్ధ దశమి

అర్జీ చిత్తుప్రతి రాయటానికి కార్యాలయం వారి ఉత్తరాన్ని భూతద్దం కింద పెట్టాను. ముందువైపు నాకు కంఠస్థం. వెనకవైపు సన్నటి అక్షరాలు ఇన్నాళ్లూ చదవలేదు. ఇవాళ మధ్యాహ్నమంతా కూర్చుని చదివాను.

గడువు నిర్ణయం వెలువడిన తేదీ నుంచి భూమి మీది ఏడాది. మధ్యలో ఏ విరామాన్నీ మినహాయించరు. అర్జీ పంపిన తేదీ కాదు, అందిన తేదీ లెక్క.

మేమిక్కడ మౌనదినాలను లెక్కలోకి తీసుకోం. అప్పు గడువైనా, శిక్షయినా, నీళ్ల వంతయినా మీట దించిన నాడు ఆగి, ఎత్తిన నాడు మళ్లీ మొదలవుతుంది. పంతొమ్మిదేళ్లుగా అలాగే లెక్కపెడుతున్నాను. ఆవలివాడలో చిన్నపిల్ల కూడా అలాగే లెక్కపెడుతుంది. భూమి మీద ఎవరూ అలా లెక్కపెట్టరన్న ఆలోచనే నాకు రాలేదు.

నా గడువు ఈ పౌర్ణమి అర్ధరాత్రితో ముగుస్తుంది.

మూడుసార్లు తిరిగి లెక్క వేశాను. తప్పు లేదు.

శుద్ధ ఏకాదశి

గురునాథం వచ్చాడు. మొక్కల గుమ్మటం అతని చేతి కింద ఉంది. ఊరంతా తినే కూర అతను పండించిందే. ఇరవై నెలలుగా నా గడప తొక్కలేదు.

"ఏంది మామ్మగారూ, నీళ్ల వంతుకు రాలా? మీరు రాకపోతే గడియారం ఆగిందేమో అనుకుంటున్నారు జనం," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

మర్చిపోయానన్నాను. నేను మర్చిపోవటం అతనికి నమ్మశక్యంగా లేదు. లోపలికొచ్చి బల్ల మీది భూతద్దాన్నీ, ఉత్తరాన్నీ చూశాడు. అడిగాడు కనక చెప్పాను. అబద్ధం చెప్పటానికి కారణం కనపడలేదు.

ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుని తిప్పాడు. తర్వాత, "తాళం మీ మెళ్లోనే ఉందిగా," అన్నాడు.

"ఉంది."

"ఒక్క నిమిషం మీట ఎత్తితే సరిపోద్ది. ఎవురు చూస్తారు?"

"చెవులు వింటాయి. పద్నాలుగు రోజుల వినికిడి మొత్తం పాడవుతుంది."

"నాకు తెలుసండీ. నాకూ ఇదే చెప్పారు మీరు." గొంతు పెంచలేదు. "మా అమ్మ పోయిన కబురు నాకు తొమ్మిదో రోజున తెలిసింది. ఆసుపత్రిలో ఉంది, ఒక్క మాట, ఒకే ఒక్క మాట అని ఇదే గుమ్మంలో నిలబడి అడిగా. ఎత్తలా మీరు."

"అవును. ఇవాళ అడిగినా ఎత్తను."

"మీకోసమైనా?"

"నాకోసమైతే అసలే ఎత్తను."

అతను నవ్వాడు. అది మంచి నవ్వో చెడ్డ నవ్వో ముఖం కనపడితే గాని చెప్పలేను. "మీతో కష్టం మామ్మగారూ," అని వెళ్లిపోయాడు.

సంఘం వాళ్లను అడగవచ్చు. అడిగితే ఒప్పుకుంటారు. అందుకే అడగను.

శుద్ధ త్రయోదశి

ఒక రోజు ఏమీ రాయలేదు. రాయటానికి ఏమీ లేదు. నిన్న బియ్యం కడిగి, ఎసరు పెట్టటం మర్చిపోయాను.

తెల్లవారుజామున సేవా నిబంధనల్లోని ఒక మాట గుర్తుకొచ్చింది. దూరాన ఉన్న మాజీ సైనికుల అర్జీ, దళంలో పనిచేస్తున్న ఏ అధికారి చేతికి అందినా కార్యాలయానికి అందినట్టే. ఆధారాలు తర్వాత పంపుకోవచ్చు. రాయబారి కూడా లేని చోట్ల ఉండేవాళ్ల కోసం ఎప్పుడో చేర్చిన నిబంధన అది. దాన్ని తీసేసినట్టు నాకు కబురు లేదు.

ఆవలివాడలో దళం అధికారులెవరూ లేరు. కాని నెత్తి మీద ఉన్నారు. గస్తీ నావ రెండు గంటలకోసారి చంద్రుణ్ణి చుట్టివస్తుంది. ఈ నాలుగు రోజులూ దాని దారి సరిగ్గా మా మీదుగానే. మా వైపు ఉన్నంతసేపూ అదీ మౌనం పాటిస్తుంది. అవతలి వైపు తిరగగానే భూమితో మాట్లాడుతుంది.

రేడియో వాడకూడదు. వెలుతురు వాడకూడదని ఎవరూ అనలేదు. వెలుతురు చెవులకు వినపడదు.

నా కాలంలో కింది కిటికీ దగ్గర ఒక అధికారి కాపలా కూర్చోవాలి. దీపం మెరుపుల్లో చుక్కగీతల లిపి చదవటం రావాలి. ఇప్పుడు ఆ కాపలా ఉందో లేదో, ఆ లిపి నేర్పుతున్నారో లేదో తెలియదు.

నావకు ఆనేంత పెద్ద దీపం ఊళ్లో ఒక్కటే ఉంది. అది గురునాథం గుమ్మటంలో ఉంది.

మధ్యాహ్నం వెళ్లి అడిగాను. అడగటం నాకు అలవాటు లేదు. మాటలు ముందే కూర్చుకుని వెళ్లాను. అక్కడ అవేవీ పనికిరాలేదు.

"ఆ దీపం కింద ఏముందో తెలుసా మీకు? వంగనారు. రెండేళ్లకు విత్తనం మొలిచింది. దీపం పైకి తిప్పితే చలికి పోద్ది," అన్నాడు.

"తెలుసు. అందుకే ఆజ్ఞ కాదు, అడుగుతున్నాను."

"దీపం పైకి పొయ్యేది ఒక పూట కాదుగా. రెండు మూడు పూటలు."

"అవును."

చాలాసేపు మట్టి సవరించాడు. చేతులు దులుపుకున్న చప్పుడు వినపడింది.

"దీపం ఆర్పి వెలిగించాల్నా?"

"వద్దు. కరెంటు కదిలితే చెవులకు వినపడుతుంది. దీపం వెలుగుతూనే ఉండాలి. దాని మీద రేకు మూత తియ్యాలి, వెయ్యాలి. చేత్తోనే. నేను చెప్తాను, నువ్వు తియ్యి."

"ఇంత ఇరకాటంలో కూడా నియమం వదల్రుగా మీరు," అన్నాడు. కాని నిచ్చెన తెచ్చాడు.

శుద్ధ చతుర్దశి

సాయంత్రం దీపం పైకి తిప్పి ఉంచినంతసేపట్లో నావ మూడుసార్లు పోయింది. మూడుసార్లూ పంపాం. నా పేరు, దళం సంఖ్య, ఒక్క వాక్యం: కళ్ల విషయమై ఇచ్చిన నిర్ణయాన్ని తిరిగి విచారించమని అర్జీ, కొత్త ఆధారం ఉంది.

మొదటిసారి గురునాథం మూత మరీ నిదానంగా తీశాడు. వాక్యం సగంలో ఉండగానే నావ దాటిపోయింది. "చెయ్యి కాదా అది? కొయ్యా?" అన్నాను. "నన్నంటే సరే, చెయ్యినేం అనమాకండి," అన్నాడు. మూడోసారికి బాగా కుదిరింది.

జవాబు రాలేదు.

జవాబు వచ్చినా నాకు కనపడదు. గుమ్మటం అద్దంలోంచి పైన ఉన్నదంతా నాకు ఒకే బూడిదరంగు. కనపడేది అతనికి, చదవటం వచ్చేది నాకు. ఇద్దరం కలిస్తే ఒక సంకేతాధికారి.

ఇంటికొచ్చి ముల్లు తడిమాను. సరిగానే ఉంది.

పౌర్ణమి

నారు కోసం పగలంతా దీపం కిందికే ఉంచాం. సాయంత్రం నుంచి గడువులోపల నావ రావటం ఇక మూడుసార్లే.

మొదటిసారి ఏమీ లేదు.

రెండోసారి పంపటం అయ్యాక గురునాథం గట్టిగా, "వచ్చిందండీ! ఏందో మెరిసింది!" అన్నాడు.

"పొట్టా, పొడుగా?"

నిచ్చెన కిర్రుమంది.

"ముందు పొట్టి మెరుపా, పొడుగు మెరుపా? చెప్పు."

రేకు మూతను అనవసరంగా సర్దాడు.

"నా దగ్గర అబద్ధం ఆడకు గురునాథం."

"మీ మొహం చూళ్లేకపోయా," అన్నాడు. "రెండు గంటలు మీరట్టా కూర్చోవటం చూళ్లేకపోయా. తప్పే."

తప్పేనన్నాను. తర్వాత అతను ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. రెండు గంటలూ ఇద్దరం వంగనారు పక్కన కూర్చున్నాం. ఆకులు వాలిపోతున్న వాసన పచ్చిగా వచ్చింది. అతను దాని గురించి ఏమీ అనలేదు. వాళ్లమ్మ వంకాయ కారం పెట్టి ఎలా వండేదో చెప్పాడు. ఇరవై నెలల తర్వాత ఆమె గురించి నా దగ్గర మాట్లాడటం అదే మొదలు. నేను విన్నాను. ఆమె పేరు సామ్రాజ్యమట. ఆ రోజు నేను పేరు అడగలేదు.

మూడోసారి. పేరు, సంఖ్య, వాక్యం. మూత చప్పుడు తప్ప గుమ్మటంలో ఏమీ లేదు. వాక్యం అయిపోయింది. నేను మనసులో అంకెలు లెక్కపెడుతున్నాను. నావ దాటిపోయేలోపు ఇంకా కాస్త వ్యవధి ఉంది.

"మామ్మగారూ," అన్నాడు. గొంతు మారింది. "పొట్టి. పొట్టి. పొడుగు. ఆగింది. పొడుగు... పొట్టి..."

అతను చెబుతున్నది వేలితో చీర మీద రాసుకున్నాను. ఒక్క అక్షరం తప్పిపోలేదు. పైనున్నది లిపి వచ్చిన మనిషే, కాని నేర్చుకున్నాక ఒక్కసారీ వాడి ఉండడు. చిన్నపిల్లవాడు ఓనమాలు దిద్దినట్టు పంపాడు.

"అందింది. ఇరవై మూడు గంటల ఎనిమిది నిమిషాలు. గస్తీ అధికారి దేవసహాయం."

చదివి వినిపించాను. గురునాథం నిచ్చెన మీదే కూలబడ్డాడు.

"ఇంకా మెరుస్తంది, ఉండండి. పొట్టి, పొట్టి..."

"ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగింది నావ.

నావ కనుమరుగవటానికి ఇంకా కొన్ని క్షణాలున్నాయి. మౌనపక్షంలో ఆవలివాడను ఎవరైనా అలా అడగటం నేను వినలేదు. నాకు చెప్పాల్సింది ఏమీ తోచలేదు. పైకి చూసి, "గురునాథం, నువ్వేమైనా చెప్పుకోవాలా? నీ వాళ్లెవరికైనా అందజేయమని అడుగుతాను," అన్నాను.

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఎవురికి చెప్పాలండీ నాకు?" అన్నాడు. మూతకు చెయ్యి వేసి, "వంగనారు పోయిందని చెప్పండి," అన్నాడు.

"లేదు" అని పంపాం.

బహుళ తదియ

మౌన కాపరిగా సంఘానికి ఒక ఫిర్యాదు రాశాను. ఏడో నంబరు ఇంట్లో గాలిముల్లు కళ్లతో చదవలేని మనిషి ఒకరు నాలుగు నెలలుగా ఒంటరిగా ఉంటున్నారు, పేరు శేషారత్నం, నియమం ప్రకారం చర్య తీసుకోవలసింది. సంతకం కూడా నేనే చేశాను.

దాచకుండా చెప్పాలంటే, నా ప్రయోజనం కోసం ఒక నియమం తలుపు తట్టి, ఇంకో నియమానికి తలుపు వేసుకుని కూర్చోవటం కుదరదనిపించింది.

నియమం ప్రకారం ముల్లు చదివే మనిషి రెండు పూటలా రావాలి. అలాంటి మనిషి లేకపోతే మొదటి బండిలో నన్ను భూమి కనపడే వైపున్న వృద్ధ సైనికుల వార్డుకు పంపించాలి. సంఘం పెద్ద నా కాగితం చదివి, "సుబేదారమ్మగారూ, దీన్ని నేను చూడనట్టు..." అని మొదలుపెట్టాడు. "చూశారు," అన్నాను.

సాయంత్రం గురునాథం అడక్కుండానే లోపలికొచ్చి గోడ దగ్గరికి వెళ్లాడు.

"అద్దమేదండీ దీనికి?"

చెప్పాను.

"వేలుతోనా! నాలుగు నెలలా!" అని ఈల వేశాడు. "ముల్లు ఒంగినా ఒంగుద్ది. అప్పుడు మీరు తప్పు చదివి నిద్దట్లోనే పోయేవోళ్లు. నియమాల మామ్మ నియమం తప్పి పోయిందని నవ్వేవోళ్లు జనం."

"నీకు పని లేదా?"

"నారు సచ్చింది. నాకేం పనుంది?" అన్నాడు. "ముల్లు డెబ్బై రెండు. రాసుకోండి. రేపు పొద్దున ఏడింటికి వస్తా."

బహుళ నవమి

నిన్నటితో పక్షం ముగిసింది. పొద్దున ఆరింటికి మీట ఎత్తాను. పన్నెండో ఇంటి పిల్లకు బొమ్మ తిరిగి ఇచ్చాను. తీసుకుని పారిపోయింది.

చెవులు ఈ పక్షం ఏ చప్పుడూ సోకకుండా విన్నాయని, వాటిని చూసుకునే కేంద్రం వారి మాట. పౌర్ణమి రాత్రి మొక్కల గుమ్మటం దగ్గర ఏమీ నమోదు కాలేదట. అది వాళ్లు నాకోసం చెప్పిన మాట కాదు. ప్రతి పక్షం చివరా చెప్పేదే. ఈసారి రెండుసార్లు విన్నాను.

సంక్షేమ కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. అర్జీ గడువులోపల అందింది. పాత నిర్ణయాన్ని తిరిగి తెరిచారు. వైద్య నివేదిక పంపమన్నారు, పంపాను. కొత్త నిర్ణయం ఎప్పుడు వస్తుందని అడిగాను. తగిన సమయంలో తెలియజేస్తామన్నారు. ఉత్తరాన్ని రెండువైపులా భూతద్దం కింద పెట్టి చదివాను. వాళ్లకు గడువంటూ ఎక్కడా రాసి లేదు.

మేదిని ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. "ఎంతకాలం పట్టినా సరే అమ్మమ్మా. పెట్టె విప్పను," అంది. శీతకాలం బట్టలన్నా బయటికి తీసుకోమన్నాను. కబురు అక్కడికి చేరి, ఆమె ఏదో అని, అది ఇక్కడికి రావటానికి పట్టే ఆ చిన్న విరామంలో ఇల్లంతా చడీచప్పుడూ లేదు. పక్షం అయిపోయినా ఇల్లు మాత్రం అలాగే ఉంటుంది.

గురునాథం పొద్దున ఏడింటికీ వచ్చాడు, సాయంత్రం ఏడింటికీ వచ్చాడు. డెబ్బై రెండు, డెబ్బై ఒకటి. రెండు నిమిషాలు నిలబడతాడు, ఒక మాట దెప్పుతాడు, వెళ్లిపోతాడు. వంగనారులో ఒక మొక్క మళ్లీ తల ఎత్తిందట. నమ్మాలో వద్దో తెలియలేదు. పొట్టా పొడుగా అని అడిగాను. చాలాసేపు నవ్వాడు.

అతను వెళ్లాక పెట్టె అడుగున దాచిన అద్దం తీసి, తుడిచి, గాలిముల్లు మీద మళ్లీ బిగించాను. ఇప్పుడు తడిమితే వేలికి చల్లటి గాజు తగులుతోంది, అంతే. ముల్లు ఎక్కడుందో నాకు తెలియదు. పొద్దున ఏడింటికి తెలుస్తుంది.